అమ్మకు ఎన్ని ఇంప్లాంట్లు?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్ళు. మాది విజయనగరం. అమ్మకు పదేళ్ళకు పైగా షుగర్ ఉంది, మూడు నెలల సగటు పరీక్షలో ఈసారి 8.6 వచ్చింది. బీపీ మాత్రతో పాటు రక్తం పలచబడటానికి ఆస్పిరిన్ 75 వేసుకుంటుంది. రెండేళ్ళ క్రితం బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగినప్పటి నుంచి ఎముకల బలానికని ఏడాదికోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు. కింది దవడలో కుడివైపు చివరి రెండు దవడ పళ్ళు, ఎడమవైపు ఒకటి ఏడేళ్ళ క్రితమే తీసేశారు. ఎడమవైపు ఖాళీకి అటూ ఇటూ పళ్ళున్నాయి, వాటిలో ఒకదానికి ఎప్పుడో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. తీసి పెట్టుకునే సెట్టు చేయిస్తే, నొక్కుకుపోతోందని డబ్బాలో పడేసింది. ఒక డాక్టరు గారు మూడు ఇంప్లాంట్లు వేద్దాం, ఒక్కోటి క్యాపుతో కలిపి 35 వేలు అన్నారు. ఇంకొకరు బ్రిడ్జి చాలన్నారు. మరోచోట మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్ళు పెట్టేస్తామంటున్నారు. దవడలో మరలు బిగిస్తే కంటి నరం దెబ్బతింటుందని మా పెద్దమ్మ భయపెడుతోంది. అమ్మేమో "ఈ వయసులో నాకు పళ్ళెందుకే, ఆ డబ్బు పిల్లల ఫీజులకు ఉంచుకో" అంటోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కిస్తున్న ఆ మందు గురించి అంటున్నాను. మీరు కలిసిన ముగ్గురిలో ఎవరైనా దాని గురించి అడిగారా? అడిగినట్టు మీరు రాయలేదు. బహుశా షుగర్, బీపీ ఉన్నాయా అని అడిగి ఉంటారు, ఉన్నాయని మీరు చెప్పి ఉంటారు. ఎముకల మందుకీ పళ్ళకీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు, మీ తప్పేమీ లేదు. కానీ ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద క్యాపు పెట్టే పళ్ళు, ఎన్ని వెయ్యాలి, అసలు వెయ్యాలా అన్నది అక్కడే తేలాలి.

ఏడాదికోసారి ఎక్కించేది చాలావరకు జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు అయి ఉంటుంది. పాత ప్రిస్క్రిప్షన్ తీసి ఒకసారి చూడండి. మన ఎముకలో పాతది కరుగుతూ కొత్తది చేరుతూ ఉంటుంది. వయసు మీద పడ్డాక, ముఖ్యంగా ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోయాక, కరగడం ఎక్కువై ఎముక గుల్లబారుతుంది. కరిగించే కణాలను ఈ మందు అణచిపెడుతుంది. మణికట్టు విరిగిన మనిషికి తుంటి ఎముక కూడా విరగకుండా కాపాడేది ఇదే, కాబట్టి మందు మంచిదే. చిక్కల్లా ఏమిటంటే అది ఎముకలో ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. పన్ను పీకినప్పుడో ఎముకలో రంధ్రం చేసినప్పుడో అక్కడ పాత ఎముక తొలగి కొత్తది రావడం మందగిస్తుంది. అరుదుగా కొందరికి పుండు మానక, దవడ ఎముక బయటికి కనిపిస్తూ వారాల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఇది చదివి బెంబేలెత్తకండి. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ళకు ఇదే మందును చాలా ఎక్కువగా, కొన్ని వారాలకోసారి ఇస్తారు. అసలు ప్రమాదం వాళ్ళలో ఎక్కువ, అలాంటివాళ్ళకు ఇంప్లాంట్ మాటే ఎత్తకూడదు. అమ్మగారిలా ఎముకలు గుల్లబారినందుకు ఏడాదికోసారి తీసుకునేవాళ్ళలో ఇలా జరగడం బాగా అరుదు. అందుకని ఈ మందు తీసుకుంటున్నంత మాత్రాన ఇంప్లాంట్ కుదరదని నేననను. ఎముక మీద చేసే పని ఎంత తక్కువైతే అంత మంచిదని మాత్రం గట్టిగా అంటాను. దంత వైద్యులూ ఎముకల డాక్టరూ ఒకసారి ఫోన్లో మాట్లాడుకుని, తర్వాతి డోసు ఎప్పుడు, ఈ పని దానికి ముందా వెనకా అన్నది తేల్చుకోవాలి. మీ అంతట మీరు మాత్రం ఏ మందూ ఆపకండి. ఇదే జబ్బుకు ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. దాన్ని అడగకుండా ఆపేసినవాళ్ళకు వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంటుంది. అమ్మగారిది ఏ మందో ఖాయంగా తెలుసుకోమనడం అందుకే. ఆస్పిరిన్ సంగతీ అంతే. గుండె డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. ఒకటి రెండు ఇంప్లాంట్లకు మామూలుగా ఆపాల్సిన పని కూడా ఉండదు, కుట్లు వేసి దూది గట్టిగా కరిచి పట్టుకుంటే రక్తం ఆగుతుంది.

ఇక షుగర్. 8.6 మీద నేనైతే దవడలో చెయ్యి పెట్టను. ఏడు దగ్గరికి, కనీసం ఏడున్నర లోపుకి రానివ్వండి. షుగర్ ఎక్కువగా ఉంటే పుండు ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది, ఇంప్లాంట్ ఎముకకు సరిగ్గా అతుక్కోదు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కూడా కష్టమవుతుంది. కాబట్టి మొట్టమొదట చేయించాల్సింది గార తీయించి చిగుళ్ళకు వైద్యం. బ్రష్ చేసినప్పుడు రక్తం కనబడుతోందా, పళ్ళేమైనా కదులుతున్నాయా అని అమ్మగారిని అడగండి. ఇప్పుడున్న పళ్ళ చుట్టూ చీము ఉంటే, కొత్తగా పెట్టే ఇంప్లాంట్ చుట్టూ కూడా అదే చేరుతుంది. పైగా ఆ ఎముకల మందు వాడుతున్న మనిషికి ముందు ముందు పన్ను పీకించే అవసరం రాకుండా చూసుకోవడం పెద్ద మేలు. ఈ రెండు మూడు నెలలు దీనికే కేటాయించండి. ఏడేళ్ళుగా ఉన్న ఖాళీలు ఇంకో మూడు నెలలు ఆగుతాయి.

ఇప్పుడు ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు ఎందుకన్నారో చూద్దాం. బ్రిడ్జి అంటే ఖాళీకి ముందున్న పంటినీ వెనకున్న పంటినీ అరగదీసి, రెంటి మీదా క్యాపులు వేసి, మధ్యలో పన్నును వాటికి అతికించడం. ఎడమవైపు అది చక్కగా కుదురుతుంది, అటూ ఇటూ పళ్ళున్నాయి కదా. అందులో ఒకటి ఇప్పటికే క్యాప్ వేసిన పన్ను, దాన్ని కొత్తగా పాడు చేసేదేమీ లేదు. రెండో పన్ను నిక్షేపంగా, ఒక్క మచ్చ కూడా లేకుండా ఉంటే దాన్ని అరగదీయడానికి నాకు మనసొప్పదు. అప్పుడు ఇంప్లాంటే నయం అంటాను. కానీ 62 ఏళ్ళ షుగర్ మనిషి నోట్లో దవడ పన్ను మీద ఏదో ఒక పాత ఫిల్లింగ్ ఉండే అవకాశమే ఎక్కువ. అలా ఉంటే బ్రిడ్జికే నా ఓటు. ఎముక ముట్టుకోనక్కర్లేదు, రెండు మూడు సిటింగుల్లో అయిపోతుంది. ఒకటి మాత్రం ముందు చూడాలి. ఏడేళ్ళు ఖాళీగా ఉంటే వెనక పన్ను ఖాళీ వైపు వాలిపోతుంది, పై పన్ను కిందికి దిగుతుంది. ఎంత వాలిందో, రూట్ కెనాల్ పంటి వేరు గట్టిగా ఉందో లేదో ఎక్స్‌రేలో చూశాకే బ్రిడ్జి మాట.

కుడివైపు వేరే కథ. అక్కడ చివరి రెండూ లేవు, అంటే వెనక ఆనుకోవడానికి పన్నే లేదు. ముందు పళ్ళకు తగిలించి వెనక్కి వేలాడే బ్రిడ్జి కడతారు కొందరు. దవడ పళ్ళ దగ్గర నమిలే బరువు చాలా ఎక్కువ, ఆ బరువంతా ముందున్న చిన్న దవడ పళ్ళ మీద పడి వాటికే ఎసరొస్తుంది. నేను వద్దంటాను. మీరు చేయించిన సెట్టు నొక్కుకుపోవడానికి కారణం కూడా ఇదే. ముందు భాగం పళ్ళకు తగులుకుని ఉంటుంది, వెనక భాగం మెత్తటి చిగురు మీద కూర్చుంటుంది. ముద్ద పడ్డప్పుడల్లా వెనక దిగబడుతుంది, చిగురు ఒరుసుకుపోతుంది. పన్ను పోయిన చోట ఎముక కూడా కరుగుతూ ఉంటుంది, తీసిన మొదటి ఏడాదిలోనే ఎక్కువ తరిగిపోతుంది. అందువల్ల అప్పటి కొలతకు చేసిన సెట్టు ఇప్పుడు ఎలాగూ సరిపోదు. నొక్కుతున్నదాన్ని బలవంతంగా పెట్టుకోమనకండి. అమ్మగారు వాడుతున్న మందుతో చిగురు మీద పుండు మంచిది కాదు.

కాబట్టి కుడివైపు ఇంప్లాంట్ అన్న మాట సబబే. అయితే రెండు అవసరమా? పోయిన పళ్ళన్నీ తిరిగి పెట్టాలన్న నియమం లేదు. ముందు పళ్ళు, చిన్న దవడ పళ్ళు బాగుంటే చాలామంది సరిపడా నమలగలరని నెదర్లాండ్స్‌లో నైమేఖెన్ విశ్వవిద్యాలయం దంత వైద్యులు 1980లలోనే చూపించారు. అన్నిటికన్నా చివరి దవడ పన్ను నమలడానికి చేసే సాయం కొంచెమే, అక్కడికి బ్రష్ చేరడం కష్టం, కింది నరం కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది. కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను స్థానంలో ఒక్క ఇంప్లాంట్, ఎడమవైపు బ్రిడ్జి. నా ఆలోచన ఇది. మూడు సర్జరీలకు బదులు ఒకటే, ఖర్చు కూడా బాగా దిగుతుంది. పై దవడలో చివరి పన్ను బాగా కిందికి దిగిపోయి ఉంటే మాత్రం డాక్టరు గారు వేరేలా చెప్పొచ్చు, నోరు చూసినవారి మాటే వినండి. కానీ "ఒకటితో సరిపెట్టలేమా?" అని మీరు అడగాలి. అడిగితే విసుక్కోకుండా కారణం చెప్పే డాక్టరును నమ్మొచ్చు.

పెద్దమ్మగారి భయం గురించి. పై పళ్ళు పీకిస్తే చూపు పోతుందని ప్రతి ఊళ్ళోనూ అంటారు, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ భయంతోనే ఏళ్ళ తరబడి చీము పళ్ళతో బతికేస్తుంటారు. చూపునిచ్చే నరం కంటి వెనక నుంచి నేరుగా మెదడుకు వెళ్తుంది, పళ్ళ నరాలతో దానికి పొత్తు లేదు. 60 దాటాక కంటిలో శుక్లాలూ వస్తాయి, పళ్ళూ పోతాయి, రెండూ ఒకే వయసులో జరిగేసరికి ముడిపెట్టేశారు. అయితే కింది దవడలో నిజంగా జాగ్రత్తపడాల్సిన నరం ఒకటుంది. ఎముక లోపల ఓ సొరంగంలాంటి దారిలో వెళ్ళి, పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇస్తుంది. స్క్రూ దాన్ని తాకితే ఆ వైపు పెదవి మొద్దుబారిపోతుంది, కొందరికి ఆ మొద్దు పోదు. సీబీసీటీ అనే స్కాన్ తీసేది అందుకే. నరం పైన ఎముక ఎన్ని మిల్లీమీటర్లు ఉందో అందులో కొలుస్తారు, స్క్రూ చివరికీ నరానికీ మధ్య కనీసం రెండు మిల్లీమీటర్లు వదులుతారు. మామూలు చిన్న ఎక్స్‌రే చూసి "ఎముక బాగానే ఉంది, వేసేద్దాం" అనే చోట చేయించకండి.

అసలు పని ఎలా ఉంటుందో తెలిస్తే అమ్మగారికి సగం భయం పోతుంది. పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు ఇంజెక్షనే ఇస్తారు, నిద్రపుచ్చరు. చిగురును కొద్దిగా తెరిచి, సన్నని డ్రిల్‌తో మొదలుపెట్టి ఒక్కో సైజూ పెంచుకుంటూ ఎముకలో రంధ్రం చేస్తారు. డ్రిల్ నెమ్మదిగా తిరుగుతుంది, చల్లని సెలైన్ నీళ్ళు దాని మీద పడుతూనే ఉండాలి. ఎందుకంటే ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉన్నా అక్కడి కణాలు చచ్చిపోతాయి, చచ్చిన ఎముకకు ఏ స్క్రూ అతుక్కోదు. నొప్పి తెలియదు కానీ దవడంతా అదురుతున్నట్టు, తల లోపల ఏదో గరగర తిరుగుతున్నట్టు ఉంటుంది. ఈ మాట ముందే చెప్పాలి, చెప్పకపోతే పెద్దవాళ్ళు గాభరాపడి బీపీ పెంచుకుంటారు. ఒక ఇంప్లాంట్‌కు అరగంట, ముప్పావు గంట. మర్నాడు, ఆ తర్వాతి రోజు వాపు ఉంటుంది. పొద్దుటి అపాయింట్‌మెంట్ తీసుకోండి. డాక్టరు గారు వేరేలా చెబితే తప్ప టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకునే వెళ్ళాలి. పస్తుతో కూర్చోబెడితే షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

ఒంట్లో లోహం పెడితే పడుతుందా అన్న అనుమానం కూడా ఉండొచ్చు. ఇంప్లాంట్‌ను టైటానియంతో చేస్తారు. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు 1950లలో కుందేలు ఎముకలో టైటానియం పరికరాలు అమర్చి పరిశీలించేవారు. పని అయ్యాక తీయబోతే ఊడి రాలేదు, ఎముక వాటిని పట్టేసుకుంది. 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషికి కింది దవడలో టైటానియం స్క్రూలు వేశారు. గోస్టా లార్సన్ అనే ఆ మనిషి 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్ళ పైన, ఆ పళ్ళతోనే తిన్నారు. సరిగ్గా ఎంచుకుని వేస్తే పదేళ్ళ తర్వాత కూడా వందకు తొంభైకి పైగా ఇంప్లాంట్లు నోట్లోనే ఉంటాయి. ఎమ్మారైకి ఇబ్బంది లేదు, స్కాన్ చేసేవాళ్ళకు ఒక మాట చెబితే చాలు.

అతుక్కోవడానికి మాత్రం టైమ్ పడుతుంది. కింది దవడలో మామూలుగా మూడు నెలలు, పై దవడలో నాలుగు నుంచి ఆరు. కొత్తగా పాతిన గుంజకు ఆ సాయంత్రమే గేదెను కట్టెయ్యరు కదా. మూడు రోజుల్లో పళ్ళు పెట్టడం అబద్ధమేమీ కాదు. అలా పెట్టే పద్ధతులున్నాయి, ఎముక గట్టిగా ఉన్న కొందరికి, ముఖ్యంగా ఒక దవడలో పళ్ళన్నీ పోయి నాలుగైదు ఇంప్లాంట్లను ఒకదానికొకటి కలిపి బిగించేచోట, అవి బాగానే పని చేస్తాయి. షుగర్ 8.6 ఉండి, ఎముకలు గుల్లబారి, దవడ పంటి బరువంతా ఒక్క స్క్రూ మీద పడే మనిషికి అది తగిన పని కాదు. మీ అమ్మగారికి తొందరపెట్టే చోటు వద్దే వద్దు.

అమ్మగారి మాటకు వస్తాను. నన్ను ఎక్కువ కదిలించింది అదే. "ఈ వయసులో నాకెందుకు" అని చెప్పని అమ్మను నేనింతవరకు చూడలేదు. మీరు ఒక వారం పాటు ఆవిడ కంచంలో ఏం పెట్టుకుంటున్నారో గమనించండి. దవడ పళ్ళు లేనివాళ్ళు ఫిర్యాదు చెయ్యరు, నమలాల్సినవన్నీ ఒక్కొక్కటే వదిలేస్తారు. పచ్చి కూరలు, గోరుచిక్కుడు వేపుడు, ఉడికించిన సెనగలు, వేరుశెనగ గుళ్ళు, జామకాయ, మాంసం వరుసగా మానేస్తారు. చివరికి మెత్తగా వండిన అన్నంలో పప్పో మజ్జిగో కలుపుకుని తినడం, పొద్దున ఇడ్లీ, సాయంత్రం పాలలో నానబెట్టిన బిస్కెట్లు మిగులుతాయి. పీచు పోయి పిండి మిగిలిన ఆ తిండితో షుగర్ దిగమంటే ఎలా దిగుతుంది? మాంసకృత్తులు తగ్గితే ఎముకకూ కండకూ బలం ఎక్కడిది? మళ్ళీ జారిపడితే తుంటి. పిల్లల ఫీజుల డబ్బు మిగిల్చాలనుకుంటున్న అమ్మగారితో ఈ లెక్క చెప్పి చూడండి. ఆవిడ అందం కోసం డబ్బు తగలేస్తున్నారని అనుకుంటున్నారు, ఇది తిండి కోసం అని అర్థమైతే మాట మారొచ్చు. ఏం తినాలని ఉంది అని కూడా అడగండి. "చేగోడీలు" అంటారో "జొన్నరొట్టె" అంటారో, ఆ మాట డాక్టరు గారికి చెప్పండి. ఏ పన్ను ఎక్కడ కావాలో నిర్ణయించడానికి అది బాగా పనికొస్తుంది. అన్నీ విన్నాక కూడా ఆపరేషన్ వద్దంటే ఆవిడ మాటకు విలువివ్వండి. లోహపు చట్రంతో, కొత్త కొలతతో చేసే సెట్టు ఇప్పుడున్న ప్లాస్టిక్ దానికన్నా చాలా కుదురుగా కూర్చుంటుంది. ఖర్చూ తక్కువే.

పళ్ళకు ఆరోగ్య బీమా మామూలుగా రాదు, ప్రమాదంలో పోతే తప్ప. డబ్బు ఇబ్బంది అనుకుంటే దంత వైద్య కళాశాలలకు వెళ్ళండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వానివి ఉన్నాయి. మీ దగ్గర్లో ప్రైవేటు కళాశాల ఉంటే అక్కడ పీజీ చదివే డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, బయటికన్నా బాగా తక్కువ అవుతుంది. ఒకటికి రెండుసార్లు తిరగాలి, క్యూలో కూర్చోవాలి. పని మాత్రం ఓపికగా చేస్తారు. ఏ విభాగమని అడిగితే ప్రోస్తోడాంటిక్స్ అని చెప్పండి.

ఇంప్లాంట్ పుచ్చదు కానీ దాని చుట్టూ చిగురు చెడుతుంది. సొంత పంటికి వేరు చుట్టూ నారలాంటి మెత్తటి పొర ఉండి, ఒత్తిడి ఎక్కువైతే వెంటనే తెలియజేస్తుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు, అందుకే లోపల ఎముక కరుగుతున్నా చాలాకాలం నొప్పి తెలియదు. పళ్ళ సందుల్లో తిప్పే చిన్న బ్రష్‌లు మందుల షాపులో దొరుకుతాయి, రోజూ రాత్రి క్యాపు పక్కన తిప్పాలి. ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించాలి. అమ్మగారికి చుట్ట గానీ పొగాకు నమిలే అలవాటు గానీ ఉంటే మానాల్సిందే, మీ ఉత్తరాంధ్రలో కొందరు పెద్దావిడలకు అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఉంటుంది కాబట్టి అడుగుతున్నాను. ఉంటే, పళ్ళ సంగతి తర్వాత, ముందు అంగిలి చూపించండి.

ఈసారి వెళ్ళేటప్పుడు షుగర్ రిపోర్టు, ఎముకల డాక్టరు చీటీ, చివరి డోసు ఎక్కించిన తేదీ పట్టుకెళ్ళండి. 35 వేలలో ఏమేం కలిశాయో కాగితం మీద రాయించుకోండి. స్కాన్, స్క్రూ, దాని మీద బిగించే ముక్క, క్యాపు, ఒకవేళ అతుక్కోకపోతే మళ్ళీ వెయ్యడం ఇవన్నీ విడివిడిగా. స్క్రూ కొరియాదైనా, ఇజ్రాయెల్‌దైనా, స్విట్జర్లాండ్‌దైనా పేరున్న కంపెనీది అయితే చాలు, అన్నిటికన్నా ఖరీదైనదే కావాలని లేదు. దాని పెట్టె మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అది అడిగి తీసుకోండి. ఎనిమిదేళ్ళ తర్వాత క్యాపు వదులైతే, అప్పటికి మీరు బెంగళూరులో ఉండొచ్చు, ఆ డాక్టరు క్లినిక్ మార్చేసి ఉండొచ్చు. ఏ కంపెనీదో తెలియకపోతే దానికి సరిపోయే పనిముట్టు వెతకడం ఎవరికైనా కష్టమే. ఆ స్టిక్కర్‌ను అమ్మగారి షుగర్ ఫైలు అట్ట లోపల అతికించి పెట్టండి.